అరసవల్లి నుంచి ఇచ్ఛాపురం దాకా సైకిల్ యాత్ర: తరచుగా అడిగే ప్రశ్నలు

రథసప్తమి దగ్గర పడుతోందంటే మా ఫోన్లు మోగడం మొదలవుతుంది. అడిగేవి దాదాపు అవే ప్రశ్నలు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే ఓపిక తగ్గిపోయి అన్నీ ఒకచోట రాసిపెట్టాను. పేరు ఇచ్చే ముందు మొత్తం చదవండి. అంత తీరిక లేకపోతే డబ్బు సంగతి, మాత్రల సంగతి, ఫొటోల సంగతి మాత్రం వదలకండి.

అసలు ఈ యాత్ర ఏమిటి? ఎప్పుడు?

రెండు రోజులు, సుమారు 150 కిలోమీటర్లు. శనివారం తెల్లవారుజామున అరసవల్లి గుడి దగ్గర బయలుదేరతాం. జాతీయ రహదారి 16 మీద నరసన్నపేట, కోటబొమ్మాళి, టెక్కలి దాటి సాయంత్రానికి పలాస చేరతాం. రాత్రి అక్కడే పడక. ఆదివారం హరిపురం, బారువ, సోంపేట, కవిటి మీదుగా ఇచ్ఛాపురం.

రథసప్తమి దాటాక వచ్చే మొదటి శని, ఆదివారాల్లో పెట్టుకుంటాం. పండగకు ముందే పెట్టొచ్చు కదా అని కొందరంటారు. ఆ రోజుల్లో అరసవల్లిలో సైకిల్ మాట దేవుడెరుగు, చెప్పులు విడవడానికే చోటుండదు.

వసూలైన డబ్బు ఎవరికి వెళుతుంది?

ఉద్దానంలో, అంటే జిల్లా ఉత్తరాన కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న ఊళ్ళలో, డయాలసిస్ (మిషనుతో రక్తం శుద్ధి) చేయించుకుంటున్నవాళ్ళ ఆటో ఛార్జీలకు. ఆ ఒక్క పనికే.

డయాలసిస్ ఉచితమే కదా, పింఛను కూడా ఇస్తున్నారు కదా? ఇంక డబ్బెందుకు?

ఈ ప్రశ్న అడిగేవాళ్ళంటే నాకు గౌరవం. అడగకుండా ఇచ్చేవాళ్ళకంటే వీళ్ళే తర్వాత ఎక్కువ కాలం మాతో ఉన్నారు.

నిజమే, ప్రభుత్వ పథకం కింద డయాలసిస్‌కు డబ్బు కట్టనక్కర్లేదు. పింఛనూ ఉంది. 2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం మొదలయ్యాయి. హిరమండలం నుంచి వంశధార నీళ్ళు పైపుల్లో ఉద్దానం ఊళ్ళకు తెచ్చే పథకం కూడా అదే రోజు ప్రారంభమైంది. ఒకప్పటి రోజులతో పోలిస్తే ఇది చాలా మెరుగు. డయాలసిస్ కోసం విశాఖ దాకా రైలెక్కి వెళ్ళిన కాలం ఇక్కడివాళ్ళకు ఇంకా గుర్తుంది.

కానీ మిషను ఉన్నచోటికి మనిషి చేరాలి. డయాలసిస్ అంటే చాలామందికి వారానికి మూడుసార్లు, కొందరికి రెండుసార్లు. ఒక్కోసారి నాలుగు గంటలు. ఊరు కేంద్రానికి 18 కిలోమీటర్ల దూరంలో ఉందనుకోండి. వెళ్ళి రావడానికి 36, వారానికి 108. మనం దండలేసుకుని, జెండా ఊపించుకుని రెండు రోజుల్లో తొక్కే దూరం ఆ మనిషికి పది రోజుల ప్రయాణం. దండా లేదు, జెండా లేదు, జీవితాంతం.

వెళ్ళేటప్పుడు బస్సెక్కొచ్చు. తిరిగి వచ్చేటప్పుడే కష్టం. నాలుగు గంటలు రక్తం శుద్ధి చేసి, ఒంట్లో చేరిన నీరు లాగేశాక బీపీ పడిపోతుంది, కాళ్ళ పిక్కలు పట్టేస్తాయి, కళ్ళు తిరుగుతాయి. ఆ స్థితిలో బస్టాండులో నిలబడలేరు. ఆటో కావాలి. తోడుగా ఇంట్లో ఇంకొకరు రావాలి, అంటే ఆ పూట కూలి పోయినట్టే. ఇలా లెక్క వేసుకుని కొందరు మూడోసారి మానేస్తారు. “ఈ వారం రెండుసార్లు చాల్లే” అంటారు. ఆ మానేసేది మానకుండా చూడటమే మా పని.

డబ్బు చేతికి ఇస్తారా?

ఇవ్వం. మొదటి ఏడాది ఇచ్చాం, తప్పు చేశాం. కవర్లో నోట్లు పెట్టి, బ్యానరు కట్టి, వరసగా నిలబెట్టి ఇచ్చాం. ఆ ఫొటో వాట్సాప్‌లో ఊరంతా తిరిగింది. తర్వాత ఒక ఇంటికి వెళితే ఆ ఇంటి అమ్మాయి మమ్మల్ని గుమ్మంలోనే ఆపేసింది. పెళ్ళి సంబంధం చూసుకుంటున్నారు, “నాన్నకి కిడ్నీ జబ్బని అందరికీ తెలిసిపోయింది” అంది. చెప్పడానికి మా దగ్గర మాట లేదు.

ఇప్పుడు పద్ధతి మార్చాం. రెండు మూడు ఊళ్ళకు కలిపి ఒక ఆటో మాట్లాడతాం. ఒకే షిఫ్టులో డయాలసిస్ ఉన్న ఇద్దరు ముగ్గురు కలిసి వెళతారు. ఆటో అతని దగ్గర ఒక నోటుపుస్తకం ఉంటుంది, వెళ్ళిన ప్రతిసారీ తేదీ వేసి రోగి గానీ తోడు వచ్చినవాళ్ళు గానీ సంతకమో వేలిముద్రో పెడతారు. నెలాఖరుకు లెక్క చూసి డబ్బు ఆటో అతని ఖాతాలో వేస్తాం. ఎవరికి సాయం అందుతోందో మాకూ, ఆటో అతనికీ, ఆ ఇంటికీ మాత్రమే తెలుసు. ఊళ్ళో మిగతావాళ్ళకు అది రోజూ తిరిగే ఆటోనే.

రిజిస్ట్రేషన్ ఫీజు ఎంత? అందులో విరాళం ఎంత?

1,500 రూపాయలు. అందులో విరాళం ఒక్క రూపాయి కూడా లేదు. అదంతా మీ తిండికి, పడకకి, వెనకాల వచ్చే బొలేరోకి, తిరుగు ప్రయాణానికి. విరాళం వేరే ఖాతా. రెండూ కలిపితే ఏమవుతుందో మొదటి ఏడాదే చూశాం, టీషర్టుల బిల్లు విరాళాల్లోంచి కట్టాల్సి వచ్చింది. ఇప్పుడు టీషర్టులు లేవు. జ్ఞాపకంగా ఏదైనా కావాలనేవాళ్ళు పొందూరు ఖద్దరు తువ్వాలు సొంత డబ్బుతో కొనుక్కోవచ్చు. చెమట తుడవడానికి టీషర్టు కంటే అదే మేలు.

విరాళం ఎలా పోగుచెయ్యాలి?

కిలోమీటరుకు ఇంత అని అడగండి. “కిలోమీటరుకు రెండు రూపాయలివ్వు మావయ్యా” అంటే మావయ్య నవ్వుతూ ఒప్పుకుంటాడు, 150 తొక్కాక మూడొందలిస్తాడు. “మంచి పనికి మూడొందలివ్వు” అంటే మాత్రం వచ్చే నెల చూద్దామంటాడు. ఎందుకిలా అంటే నాకూ తెలీదు, మనుషులింతే. పూర్తిగా తొక్కలేకపోతే తొక్కినంతకే అడగండి. అబద్ధం చెప్పొద్దు, మన జిల్లాలో అందరూ అందరికీ ఏదో వరసవుతారు.

80జి రసీదు ఇస్తారా?

ఇవ్వలేం. ఆ గుర్తింపు ఉన్న సంస్థలే ఇవ్వగలవు, మేము కొందరు స్నేహితులం మాత్రమే. పన్ను మినహాయింపు ముఖ్యం అనుకుంటే గుర్తింపు ఉన్న సంస్థకే ఇవ్వండి, ఏమీ అనుకోం. అక్కడ కూడా 2,000 దాటిన నగదుకు మినహాయింపు రాదు, ఖాతా ద్వారా పంపండి.

సైకిల్ తొక్కడమెందుకు, ఆ డబ్బేదో నేరుగా ఇచ్చేస్తే పోలా?

ఇచ్చేయండి. నిజంగానే అంటున్నాను, సంతోషం.

నా దగ్గర మామూలు సైకిలే ఉంది. గేర్లు లేవు. పనికొస్తుందా?

భేషుగ్గా. ఈ దారిలో పెద్ద ఎత్తులు లేవు, వంతెనల మీదకు ఎక్కే చోట్ల తప్ప. మాతో పాలడబ్బాల క్యారియర్ ఉన్న సైకిల్ మీద ఇచ్ఛాపురం దాకా వచ్చినాయన ఉన్నాడు. లక్ష దాటిన సైకిళ్ళవాళ్ళ కంటే అరగంట ఆలస్యంగా వచ్చాడు, అంతే.

ఖరీదైన సైకిళ్ళవాళ్ళకే అసలు హెచ్చరిక. మీ ట్యూబుకుండే సన్న వాల్వు ఇక్కడి పంచర్ షాపుల్లో ఎవరి దగ్గరా దొరకదు. రెండు ట్యూబులు మీరే తెచ్చుకోండి. పెట్రోలు బంకులో గాలి కొట్టించొద్దు, ఆ మిషను లారీ టైర్లకు తగ్గది, ఒక్క గుక్కలో ట్యూబు పేలుతుంది. నాది పేలింది.

మామూలు సైకిలైతే బయలుదేరే ముందు వారం బ్రేకు రబ్బర్లు మార్పించండి, చైను బిగించి నూనె వేయించండి, సీటు ఎత్తు సరిచేయించండి. పెడల్ కిందికి వచ్చినప్పుడు మోకాలు కొంచెమే వంగి ఉండాలి. మనవాళ్ళు సీటు కిందికి దించుకుని తొక్కుతారు, పది కిలోమీటర్లకు ఏమీ కాదు, యాభై దాటాక మోకాలు పగ తీర్చుకుంటుంది.

దారిలో పంచరైతే?

మూడో ఏడాది నాకు కోటబొమ్మాళి దాటాక పడింది. రోడ్డు పక్క రేకుల షెడ్డు, గుమ్మంలో పాత టైరు వేలాడదీసి ఉంది. షాపాయన మాటా పలుకూ లేకుండా సైకిల్ తిరగేసి పెట్టాడు. రెండు ఇనప పలకలతో టైరు ఒక అంచు లేపి, ట్యూబు బయటికి లాగి, గాలి కొట్టి, మట్టి రంగు నీళ్ళున్న గమేళాలో జానెడు జానెడుగా ముంచుతూ పోయాడు. బుడగలొచ్చిన చోట అగ్గిపుల్ల గుచ్చి గుర్తు పెట్టుకున్నాడు. గీకి, సొల్యూషన్ రాసి, దాని మీద ఊదుతూ అప్పుడడిగాడు: “ఏటి బావూ, ఇంత మంది ఎక్కడికెల్తన్నారు?” చెప్పాను. మరేం మాట్లాడలేదు. టైరు లోపల చెయ్యి పెట్టి తడిమి, గుచ్చుకున్న తుమ్మముల్లు తీసి నా అరచేతిలో పెట్టాడు. డబ్బులివ్వబోతే “మా బావమరిది కూడా పలాస ఎల్తాడు, వారానికి మూడుసార్లు” అన్నాడు. తీసుకోలేదు.

ఇప్పుడు వెనక బండిలో పంచర్ కిట్టు, పంపు ఉంటాయి. అయినా ముల్లు తియ్యకుండా కొత్త ట్యూబు వెయ్యకండి. అది కూడా అక్కడే నేర్చుకున్నాను.

ఎంత ప్రాక్టీసు కావాలి?

ఆరు వారాలు. మొదట రోజు విడిచి రోజు పదిహేను కిలోమీటర్లు, ఆదివారాలు ముప్ఫై, చివరికి ఒకసారైనా అరవై. శ్రీకాకుళంవాళ్ళకు కళింగపట్నం వెళ్ళి రావడం మంచి కొలత, దారిలో శాలిహుండం కొండెక్కి వంశధార సముద్రంలో కలిసేది చూడొచ్చు. విజయనగరంవాళ్ళు రామతీర్థం వెళ్ళి రండి, అది కుదిరాక దూరం పెంచండి.

కాళ్ళ కంటే ముందు అలవాటు పడాల్సింది కూర్చునే చోటు. దానికి మందు లేదు, తొక్కడమే. కుట్లు గరుగ్గా లేని నిక్కరు, కొంచెం కొబ్బరినూనె. జీన్స్ వేసుకొచ్చినవాళ్ళు టెక్కలిలో బొలేరో ఎక్కేశారు.

ఎదురుగాలి సంగతి ఏమిటి? అందరూ భయపెడుతున్నారు.

భయపడాల్సిందే. మనం వెళ్ళేది ఈశాన్యం వైపు. చలికాలంలో గాలి వచ్చేదీ ఈశాన్యం నుంచే. మడపాం దగ్గర వంశధార వంతెన మీద మొదటిసారి తగులుతుంది, సైకిల్ ఎవరో వెనక్కి లాగుతున్నట్టుంటుంది. తెల్లారగట్ల గాలి పడి ఉంటుంది, ఎండెక్కేకొద్దీ లేస్తుంది. అందుకే ఐదున్నరకే బయలుదేరడం. గుంపులో వరసగా తొక్కండి, ముందున్నవాడు గాలిని చీలిస్తే వెనకవాడికి చాలా కష్టం తగ్గుతుంది. పది నిమిషాలకొకసారి ముందువాడు మారాలి. ఎప్పుడూ వెనకే ఉండే తెలివైనవాళ్ళను మేం గుర్తుపెట్టుకుంటాం.

హైవే మీద లారీలతో ప్రమాదం కాదా?

ప్రమాదమే. తెల్ల గీతకు ఎడమవైపునే, ఒకరి వెనక ఒకరు. పక్కపక్కన కబుర్లు చెప్పుకుంటూ తొక్కితే మొదటిసారి చెబుతాం, రెండోసారి బండి ఎక్కిస్తాం. లారీ దాటేటప్పుడు ముందు గాలి బయటికి నెడుతుంది, దాటాక లోపలికి లాగుతుంది, హ్యాండిల్ గట్టిగా పట్టుకోండి. రాంగ్ రూట్‌లో వచ్చే బైకులు లారీల కంటే ప్రమాదం. హెల్మెట్ తప్పనిసరి. ముందు తెల్ల లైటు, వెనక ఎర్ర లైటు తప్పనిసరి. ఇయర్‌ఫోన్స్ నిషేధం. చీకటి పడ్డాక ఎవరూ తొక్కరు, పలాస ఐదు కిలోమీటర్లే ఉన్నా సరే.

రెండో రోజు ఊళ్ళ రోడ్ల మీద వేరే తంటా. రైతులు ఉలవ, మినప కట్టలు రోడ్డు మీద పరుస్తారు, బండ్లు తొక్కితే గింజ రాలుతుందని. ఆ తీగలు చైనులో చుట్టుకుంటే సైకిల్ ఉన్నచోటే ఆగిపోతుంది. దిగి నడిపించుకుని వెళ్ళండి. పంట వాళ్ళది, రోడ్డు ఇద్దరిదీ.

ఏదైనా జరిగితే 108. హైవే మీద అయితే 1033 కూడా పనిచేస్తుంది. రెండూ ఫోన్లో వేసుకునే రండి.

నొప్పి మాత్రలు తెచ్చుకోవచ్చా?

వద్దు. ఈ యాత్రలో మేం అస్సలు రాజీపడని నియమం ఇది.

డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటి మాత్రలు కిడ్నీకి వెళ్ళే రక్తప్రవాహాన్ని తగ్గిస్తాయి. మామూలు రోజుల్లో ఆరోగ్యవంతుడు ఒకటి రెండు వేసుకుంటే తట్టుకుంటాడు. ఎండలో గంటల తరబడి తొక్కి, ఒంట్లో నీరు తగ్గి ఉన్నప్పుడు వేసుకుంటే కిడ్నీ మీద రెండు వైపుల నుంచీ దెబ్బ. ఉద్దానం జబ్బుకు ఇదీ కారణం అని ఒక్కటి తేలలేదు, నీళ్ళు, ఎండలో చాకిరీ, నొప్పి మాత్రలు, వంశపారంపర్యం అన్నిటి మీదా పరిశోధనలు జరిగాయి. కారణం ఏదైనా, కిడ్నీ రోగుల కోసం బయలుదేరి దారిలో నొప్పి మాత్ర మింగేవాడిని ఏమనాలో మీరే చెప్పండి. నొప్పి భరించలేకపోతే ఆగండి. బండి ఉన్నది అందుకే.

నీళ్ళు ఎన్ని తాగాలి?

గంటకు అరలీటరు లెక్కన, ఎండెక్కాక ఇంకా ఎక్కువ. మూత్రం ముదురు పసుపు రంగులోకి వచ్చిందంటే మీరు వెనకబడ్డట్టే. ఓఆర్ఎస్ పొడి మేమే ఇస్తాం, లీటరు నీళ్ళలో ఒక ప్యాకెట్, సగం ప్యాకెట్ లెక్కలు వద్దు. పేరు చూసి డబ్బాల్లో తీపి నీళ్ళు కొనకండి. సరైన పాళ్ళలో లేని పానీయాల మీద ఓఆర్ఎస్ అని రాయకూడదని 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఆదేశమిచ్చింది. ఉత్త నీళ్ళే పనిగా తాగడమూ మంచిది కాదు, ఉప్పు వేసిన మజ్జిగ మధ్యమధ్యలో ఉంటుంది.

తిండి?

ఉదయం చోడి (రాగి) అంబలి, ఇడ్లీ. మధ్యాహ్నం టెక్కలిలో భోజనం, ఒక కూర, పప్పు, చారు, పెరుగు. మాంసం అడగొద్దు, తిన్నాక ముప్ఫై కిలోమీటర్లు తొక్కాలి. రాత్రి పలాసలో జీడిపప్పు కూర. జీడి ఊరికి వెళ్ళి జీడిపప్పు లేకుండా ఎలా? మందస కోవా కోసం దారి తప్పి వెళ్ళొచ్చినవాళ్ళున్నారు. అధికారికంగా మాకు తెలియదు. మాకూ తెచ్చిపెట్టారు.

రోగులను కలుస్తామా? ఫొటోలు తీసుకోవచ్చా?

ఆసుపత్రికి గుంపుగా వెళ్ళం. డయాలసిస్ వార్డులోకి చెమట బట్టలతో ముప్ఫై మంది దూరడం వాళ్ళకు మంచిది కాదు, వాళ్ళు మన కోసం ప్రదర్శనకు పెట్టినవాళ్ళూ కారు. ఎవరైనా ఇంటికి పిలిస్తే ఇద్దరు ముగ్గురం వెళతాం. ఫొటో వద్దు, పేరు బయట చెప్పొద్దు. ఒకటి గుర్తుంచుకోండి: చేతి మీద నరం ఉబ్బి కనిపిస్తే అది ఫిస్టులా, డయాలసిస్ సూదులు గుచ్చేది అక్కడే. ఆప్యాయంగా ఆ చెయ్యి పట్టుకుని ఊపకండి.

రెండో ఏడాది కవిటి దాటాక ఒకాయన పిలిచాడు. ఇంటి చుట్టూ కొబ్బరిచెట్లు. మేం ఆరుగురం, మనిషికి రెండేసి బొండాలు కొట్టించాడు. తిత్లీ తుపానులో, 2018 అక్టోబరులో, సగం చెట్లు పడిపోయాయని, మిగిలినవి ఇవని చూపించాడు. “మీరూ తాగండి బాబాయ్” అన్నాడు మాలో ఒక కుర్రాడు. ఆయన నవ్వాడు. కొబ్బరినీళ్ళలో పొటాషియం ఎక్కువ, డయాలసిస్‌లో ఉన్నవాళ్ళకు గుండెకే ముప్పు. వాళ్ళావిడ లోపలి నుంచి ఒక ప్లాస్టిక్ సీసా తెచ్చింది, మీద గోళ్ళరంగుతో గీతలు గీసి ఉన్నాయి. “పొద్దున్న ఇక్కడికి, మధ్యాన్నం ఇక్కడికి, రేత్రికి ఇది” అంది. అన్నీ కలిపి లీటరు లేదు. మూత్రం తగ్గిపోయినవాళ్ళు తాగిన నీరు ఒంట్లోనే నిలిచిపోతుంది కదా. ఆ రోజు పొద్దుటి నుంచి అప్పటికే నేను నాలుగు లీటర్లు తాగాను. చేతిలో రెండో బొండాం ఉంది. తాగాలో వద్దో తెలియలేదు. “తాగు బావూ, నీకోసమే కొట్టించాను” అన్నాడాయన. తాగాను.

నాకు బీపీ ఉంది, షుగరు ఉంది, క్రియాటినిన్ (కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే రక్తపరీక్ష) కొంచెం ఎక్కువ ఉంది. రావచ్చా?

నలభై దాటినవాళ్ళందరూ డాక్టరు రాసిన కాగితం తేవాలి. క్రియాటినిన్ ఎక్కువ ఉన్నవాళ్ళు తొక్కొద్దు, మజ్జిగ బండిలో రండి. మీ అందరికీ ఒక మాట: కిడ్నీ జబ్బు చాలా దూరం వెళ్ళేదాకా బయటపడదు, నొప్పి ఉండదు. ఎలాగూ డాక్టరు దగ్గరికి వెళుతున్నారు కాబట్టి ఆ రక్తపరీక్ష కూడా చేయించుకోండి.

ఆడవాళ్ళు రావచ్చా? పిల్లలు?

వస్తున్నారు. పలాసలో వేరే గదులు. దారిలో బాత్రూములకు పెట్రోలు బంకులే గతి, ఏవి శుభ్రంగా ఉంటాయో ముందే చూసి అక్కడే ఆపుతాం. పద్దెనిమిది లోపువాళ్ళు అమ్మో నాన్నో పక్కన తొక్కితేనే.

బయటి ఊళ్ళవాళ్ళు ఎలా చేరాలి?

రైల్లో వస్తే శ్రీకాకుళం రోడ్ స్టేషన్‌లో దిగాలి, అది ఆమదాలవలసలో ఉంది, ఊళ్ళో కాదు. విజయనగరం నుంచి కొందరు శుక్రవారం మధ్యాహ్నమే తొక్కుకుంటూ వస్తారు. వాళ్ళతో రావాలంటే చెప్పండి, కానీ ముందురోజే కాళ్ళు అరగదీసుకోవడం నేను మాత్రం సలహా ఇవ్వను.

వర్షం పడితే?

తొక్కుతాం. తుపాను హెచ్చరిక ఉంటే వాయిదా. ఫీజు తిరిగి ఇచ్చేస్తాం.

ఇచ్ఛాపురంలో ముగింపు సభ ఉందా?

లేదు. 2003లో, 2019లో పెద్ద పాదయాత్రలు ముగిసిన ఊరది, సభలు చూసి చూసి ఉంది. బాహుదా వంతెన దగ్గర అందరూ చేరేదాకా ఆగుతాం, చివరివాడు వచ్చాక టీ తాగుతాం. బొలేరోలు నాలుగింటికి బయలుదేరతాయి. ముందు చక్రం విప్పి, పెడళ్ళు లోపలికి తిప్పి, సైకిళ్ళ మధ్య గోనెసంచులు పెట్టి ఎక్కించాలి. ఆ పని ఎవరిది వాళ్ళే చేసుకోవాలి. స్పానర్ మా దగ్గర ఒకటే ఉంది, తీసుకున్నవాళ్ళు తిరిగివ్వండి. పోయిన ఏడాదిది ఇంకా రాలేదు.